వేలం ధర, మనిషి విలువ

ఫలితాల కాలం వస్తే తిరుపతి, చిత్తూరు ఇళ్లలో పిల్లలను ర్యాంకుతో తూచడం పరిపాటి. ఆటల లోకంలోనూ ఇటువంటి తక్కెడ ఉంది. దాని తూకం ఎంత నిజమో చూద్దాం.

విశాఖపట్నం యువకుడు నితీశ్ కుమార్ రెడ్డిని 2023 ఐపీఎల్‌కు సన్‌రైజర్స్ హైదరాబాద్ 20 లక్షలకే తీసుకుంది. మరుసటి ఏడాది ఆయనే ఉత్తమ వర్ధమాన క్రీడాకారుడయ్యారు. ఆ డిసెంబరులో మెల్‌బోర్న్ టెస్టులో 114 పరుగులు చేశారు. కబడ్డీలో తెలుగు టైటాన్స్ పవన్ సెహ్రావత్‌కు రెండున్నర కోట్లకు పైగా చెల్లించింది. ఆయన బాగానే ఆడినా, ఆ ఏడాది జట్టు 22 పోటీలలో రెండే గెలిచి అట్టడుగున నిలిచింది.

ఉత్తర అమెరికా ఐస్ హాకీలో క్లబ్బులు యువకులను వరుసగా ఎంచుకుంటాయి. 1983లో చెకోస్లొవేకియా గోల్‌కీపర్ డొమినిక్ హాషెక్‌కు దక్కింది 199వ స్థానం. ఆ దేశపు ఆటగాళ్లు సరిహద్దు దాటి రావడమే దుర్లభమైన రోజులవి. తరువాత ఆయన ఆరుసార్లు ఉత్తమ గోల్‌కీపర్ పురస్కారం పొందారు. 2003లో మొదటి స్థానంలో ఎంపికైన ఫ్లూరీ కూడా మూడుసార్లు విజేత జట్టులో ఉన్నారు. అంటే అంచనా ఒక్కోసారి ఫలిస్తుంది. అయితే గోల్‌కీపర్లు ఆలస్యంగా పరిణతి చెందుతారు. పద్దెనిమిదేళ్లకు కట్టిన వెల చాలాసార్లు తప్పుతుంది.

మన పిల్లల ర్యాంకు కూడా ఆనాటి అంచనాయే. దానిని చూసి ఏ కళాశాలలో చేర్చాలో నిర్ణయించండి. ఫలితం వచ్చిన రాత్రి అన్నం ముందు తలవంచుకొని కూర్చున్న బిడ్డతో మాత్రం “నీవింతే” అనకండి. ర్యాంకును ఏడాదిలో అందరూ మరచిపోతారు. ఆ మాటను బిడ్డ మరువడు.