అందరికీ పరీక్షలు మేలేనా?

క్యాన్సర్‌ను ఎంత త్వరగా పసిగడితే అంత మంచిదని అందరం నమ్ముతాం. అండాశయ క్యాన్సర్ విషయంలో ఈ నమ్మకం ఇంకా రుజువు కాలేదు. బ్రిటన్‌లో 2001-2005 మధ్య రెండు లక్షల మందికి పైగా మహిళలను చేర్చుకుని భారీ పరిశోధన జరిపారు. అందరూ 50-74 ఏళ్ల వయసులో, ముట్లుడిగినవారే. కొందరికి ఏటా సీఏ-125 రక్తపరీక్ష, కొందరికి అల్ట్రాసౌండ్ స్కాన్ చేశారు. సగం మందికి ఏ స్క్రీనింగూ చేయలేదు. రక్తపరీక్ష చేసినవారిలో తొలిదశ కేసులు ఎక్కువగానే బయటపడ్డాయి. అయినా మరణాలు తగ్గలేదని 2021లో తేలింది.

అమెరికాలో జరిగిన ఇలాంటి స్క్రీనింగ్ పరిశోధన మరింత కలవరపెడుతుంది. అక్కడ క్యాన్సర్ లేకపోయినా 3,285 మందికి ఉందేమోనన్న అనుమానం తలెత్తింది. వారిలో 1,080 మందికి ఆపరేషన్ చేశారు. 163 మంది తీవ్రమైన దుష్ఫలితాల పాలయ్యారు.

గర్భాశయంలో క్యాన్సర్ కాని గడ్డలున్నా, ఎండోమెట్రియోసిస్ ఉన్నా, పొత్తికడుపులో క్షయ ఉన్నా రక్తంలో సీఏ-125 అనే ప్రొటీన్ పెరగవచ్చు. అలాంటి పరీక్షను ఏ లక్షణాలూ లేని మహిళలకు హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో కలిపి అంటగట్టడం తగదు.

అలాగని నిర్లక్ష్యం పనికిరాదు. కడుపుబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండినట్లుండటం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం వారాల తరబడి తగ్గకపోతే గ్యాస్ అని సరిపెట్టుకోకుండా గైనకాలజిస్టును కలవాలి. తల్లికో, అక్కచెల్లెళ్లకో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే జన్యుపరీక్ష అవసరమేమో అడగాలి. ప్రభుత్వాలు సామూహిక పరీక్షల ఆర్భాటానికి పోకుండా, ఈ అవగాహనను ఊరూరా ఆశా కార్యకర్తల ద్వారా చేరవేయాలి.