నిలబెట్టి అమ్ముతున్నారు

మొన్న ఎండాకాలం మేనకోడలి పెళ్ళి బట్టలకని కారేపల్లి నుంచి పదకొండు మందిమి ఖమ్మం పోయాం. పెద్ద షాపింగ్ మాల్. రెండో అంతస్తులో పట్టుచీరలు. మాకు మెత్తటి స్టూళ్ళు వేశారు, కూల్‌డ్రింకులు తెచ్చిచ్చారు. కౌంటర్ అవతల ఇరవై ఏళ్ళు కూడా నిండని పిల్ల నిలబడి రెండున్నర గంటల్లో ఎనభై చీరలు విప్పింది, ఎనభై చీరలు మడతపెట్టింది. మా అక్క "అది కాదమ్మా, ఆ పైది" అన్నప్పుడల్లా మునివేళ్ళ మీద లేచింది. ఒకసారి, ఒకే ఒక్కసారి, ర్యాకుకు నడుము ఆనించింది. పైన కెమెరా ఉంది. అర నిమిషంలో ఫ్లోర్ ఇన్‌చార్జి వచ్చి మా ముందే అన్నాడు: "ఏం, నిలబడనీకి వస్తలేదా? పొద్దున తిన్లేదా?"

"సారీ సార్" అంది పిల్ల. మా పదకొండు మందిలో ఒక్కరమూ నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు.

అతను పోయాక అడిగాను, "ఏ ఊరమ్మా మీది?" అని. "కారేపల్లి దగ్గర తండా సార్" అంది. పొద్దున తొమ్మిదిన్నరకు వస్తే రాత్రి పదింటికి వదుల్తరట. పండగ సీజన్లో పదకొండు. "కూసోనీకి లేదా?" అంటే, "కూసుంటే కట్టింగ్ సార్" అని కెమెరా వైపు చూసి చీర అందుకుంది. కిందికి చూస్తే ఆమె పాదాలు కనబడ్డాయి. చెప్పు పట్టీకి రెండు పక్కలా పాదం ఉబ్బి ఉంది. పట్టీ కింద గాడి పడింది. మా మేనకోడలిదీ అదే వయసు. ఆమె పాదాలకు పారాణి పెట్టే పెళ్ళికి మేం బట్టలు కొంటున్నాం.

ఇంత చూసి కూడా నోరు మెదపని మాకు బిల్లు దగ్గరకు వచ్చేసరికి ఎక్కడలేని రోషం పుట్టింది! ఫోన్ నంబరు చెప్తేగానీ బిల్లు కొట్టనన్నాడు కౌంటర్ కుర్రాడు. సంచికి పదిహేను రూపాయలన్నాడు. ఆ సంచి మీద చూస్తే చెయ్యంత అక్షరాలతో ఆ మాల్ పేరే. గుమ్మం దగ్గర సెక్యూరిటీ పెద్దాయన బిల్లు పట్టుకుని, సంచిలో చెయ్యి పెట్టి, బట్టలు లెక్కపెట్టి పంపాడు. మా బావ కౌంటర్ కుర్రాణ్ని కడిగేశాడు. "మేం దొంగల్లాగ కనబడుతున్నామా?" అని ఆ పెద్దాయన మీదికి లేచాడు. పై అంతస్తులో ఆడపిల్లను తిడుతుంటే నోట్లో బెల్లం గడ్డ పెట్టుకున్నట్టు కూర్చున్న మనిషే, కింద పదిహేను రూపాయల దగ్గర పులి అయ్యాడు.

అందరం ఇంతే. మీరూ ఇంతే. కాదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి చూద్దాం.

ఒక్క సంగతి అర్థం చేసుకోండి. మా బావ తిట్లలో ఒక్కటి కూడా ఆ మాల్ ఓనరు చెవిన పడలేదు. పడకుండా ఉండడానికే ఆ కుర్రాణ్ని, ఆ పెద్దాయన్ని, ఆ పిల్లను మధ్యలో నిలబెట్టాడు. సంచికి రేటు పెట్టింది వాడు, ఫోన్ నంబరు లాగమని కంప్యూటర్‌లో బిగించింది వాడు, ముగ్గురు చేయాల్సిన పని ఒక్కరి నెత్తిన వేసి కౌంటర్ ముందు మనల్ని ముప్పావు గంట క్యూలో ఉంచింది వాడు, చిరుగుపడిన చీర వాపసు తీసుకోకూడదని గోడ మీద బోర్డు కొట్టించింది వాడు. తిట్లు తినేది మాత్రం నెలకు నాలుగు సెలవులు కూడా దక్కని పిల్లలు. మన జేబు కొట్టిన చెయ్యి, ఆ పిల్లల నడుము విరిచిన చెయ్యి ఒక్కటే. ఆ చెయ్యి అద్దాల వెనకాల చల్లగా ఉంది. మనం ఇవతల కొట్టుకుంటున్నాం.

మనకు మన హక్కులు తెలుసా అంటే అదీ లేదు. నోరుంది, చట్టం తెలీదు. కొనేముందు చెప్పకుండా కౌంటర్ దగ్గర సంచికి డబ్బు గుంజడం అన్యాయ వ్యాపారమేనని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 డిసెంబర్‌లోనే బిగ్ బజార్ కేసులో తేల్చింది. ఆ గొడవ మొదలైంది 18 రూపాయల సంచి దగ్గర! ఫోన్ నంబరు ఇస్తేనే బిల్లు అని పట్టుబట్టకూడదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖే దుకాణాలకు చెప్పింది. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అన్న బోర్డు లోపం ఉన్న సరుకు విషయంలో చెల్లదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువులో, రాయకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకోవాల్సిందే. ఐదు లక్షల లోపు కొనుగోలు మీద ఖమ్మం జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తే రూపాయి ఫీజు లేదు. ఫోన్లో చెప్పుకోవాలంటే 1915. మా బావకు ఇవేవీ తెలీవు. తెలిసిన నేను కూడా పదిహేను రూపాయలకు ఎవడు తిరుగుతాడులే అని ఊరుకుని వచ్చాను. ఆ 'ఎవడు తిరుగుతాడులే' మీదనే వాడి అంతస్తులు లేస్తున్నాయి.

ఇక ఆ పిల్ల సంగతి. షాపుల్లో పనిచేసేవాళ్ళకు ఈ గడ్డ మీద చట్టం లేక కాదు. 1988 నాటి షాపులు, సంస్థల చట్టం ఉంది. రోజుకు 8 గంటలు, వారానికి 48. ఏకబిగిన ఐదు గంటలు దాటకుండా గంట విశ్రాంతి. ఎనిమిది గంటలకు మించి చేయిస్తే రెండింతల కూలీ. తొమ్మిదిన్నర నుంచి పది దాకా ఎన్ని గంటలో మీరే లెక్కపెట్టండి. ఆ మీది గంటలకు రెండింతల కూలీ అందుకున్న పిల్లను ఒక్కరిని నా ముందుకు తీసుకురండి. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయన్నారు, ప్రతి కార్మికుడికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఖాయమన్నారు. మన తండాల్లో, గూడేల్లో, మాల్‌కు పోతున్న ఇళ్ళల్లో అడగండి. ఆ కాగితం ఉన్న ఇల్లు ఏదో చూపించండి.

కుర్చీ దగ్గరకు వద్దాం. ఫ్యాక్టరీలో నిలబడి పనిచేసేవాళ్ళకు, వీలు చిక్కినప్పుడు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే రాశారు. మనల్ని ఏలిన ఇంగ్లీషువాళ్ళ దేశంలో 1899లోనే, షాపుల్లో పనిచేసే ఆడవాళ్ళు ముగ్గురికి ఒక సీటు చొప్పున వేయాలని చట్టం చేశారు. పద్దెనిమిది వందల తొంభై తొమ్మిది! కేరళలో కోళికోడ్ మిఠాయి వీధి దుకాణాల ఆడవాళ్ళు, మూత్రానికి పోవడానికి చోటు లేక నీళ్ళు తాగడం మానుకున్న ఆడవాళ్ళు, కుట్టుపని చేసుకునే విజి వెంట నడిచి సంఘం కట్టారు. త్రిశ్శూర్‌లో ఒక పెద్ద చీరల దుకాణం ముందు నెలల తరబడి కూర్చున్నారు. కూర్చునే హక్కు కోసం కూర్చున్నారు! 2018లో కేరళ చట్టం మార్చింది. 2021లో తమిళనాడూ మార్చింది. చెన్నై రంగనాథన్ వీధి దుకాణాల్లో పిల్లల బతుకు మీద తమిళంలో సినిమా వస్తే తెలుగులో 'షాపింగ్ మాల్' పేరుతో మనం కూడా చూశాం, కళ్ళు తుడుచుకున్నాం, మర్నాడు వెళ్ళి మాల్‌లో చీరలు విప్పించుకున్నాం. మన అసెంబ్లీలో ఏ పార్టీవాడైనా ఆ పిల్లలకు కుర్చీ కావాలని ఒక్క మాట ఎత్తాడా? నేనైతే వినలేదు.

ఎత్తరు. మాల్ రిబ్బన్ కత్తిరించేది వాళ్ళే. 2024 అక్టోబర్‌లో తొర్రూరులో షాపింగ్ మాల్ ప్రారంభానికి సినిమా నటి వచ్చింది, నాయకులు ఎగబడ్డారు, బరువుకు స్టేజీ కూలింది. రాష్ట్రమంతా ఆ వీడియో చూసింది. ఆ కూలిన స్టేజీ మీద ఎవరు ఉన్నారో అందరికీ తెలుసు. ఆ మర్నాటి నుంచి ఆ మాల్‌లో పన్నెండు గంటలు నిలబడ్డది ఎవరో ఒక్కరూ అడగలేదు.

కారేపల్లివాళ్ళకు ఒక మాట విడిగా చెప్పాలి. మన మండలం పేరు సింగరేణి. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు కనిపెట్టిన నాటి నుంచి ఈ పేరు దేశమంతా మోగింది. కంపెనీకి పెట్టింది మన సింగరేణి పేరే. మన రైలు పట్టాలు పడ్డది బొగ్గు మోయడానికే. ఈ ప్రాంతపు కార్మికుడు జెండా పట్టి, లాఠీలు తిని, ఎనిమిది గంటల షిఫ్టు అన్న మాటకు విలువ తెచ్చాడు. సైరన్ మోగితే పైకి వచ్చేవాడు. ఓవర్‌మన్ నోరు జారితే బాయి మొత్తం పని ఆపేవాడు. తాత భూమి లోపల, చీకట్లో, బొగ్గు మధ్య నిలబెట్టుకున్న ఎనిమిది గంటలను మనవరాలు ఏసీ కింద, దీపాల వెలుగులో పోగొట్టుకుంది. ఆమెకు సైరన్ లేదు, సంఘం లేదు, కూర్చోవడానికి చెక్కముక్క లేదు. డిసెంబర్ 23న సింగరేణి డే జరుపుకుని, రంగు దీపాలు కట్టుకుని, మనది పోరాటాల గడ్డ అని మైకులో అరిచే పెద్దమనుషులారా, ఆ గడ్డ బిడ్డ నడుము ఆనించినందుకు తిట్లు తింటుంటే మీ జెండా ఎక్కడుంది?

"ఉద్యోగాలిస్తున్నారు కదా, ఇంట్లో కూర్చుంటే ఎవడిస్తాడు?" అంటారు. ఈ మాట అనేవాడి బిడ్డను ఒక్క నెల అక్కడ నిలబెట్టండి, ఆ తర్వాత మాట్లాడదాం. దొర గడీలో వెట్టి చేయించినప్పుడూ ఇదే అన్నారు, తిండి పెడుతున్నాడు కదా అని. "ఇష్టం లేకపోతే మానేయొచ్చు" అంటారు. తెగులుకు మిర్చి పోయి, పత్తికి రేటు లేక, మిత్తీల కింద నలుగుతున్న ఇంట్లోంచి వచ్చిన పిల్లకు ఇష్టం గురించి చెప్తున్నారు! "సరుకు చవగ్గా వస్తోంది" అంటారు. ఇదొక్కటే కాస్త ఆలోచించాల్సిన మాట. నిజమే, కొన్ని చవగ్గానే ఉంటాయి. మన ఊళ్ళో సేటు దుకాణం స్వర్గమని నేను అనను. అక్కడా గుమాస్తాను తిట్టారు, అక్కడా బిల్లు ఇవ్వలేదు, తూకం రాళ్ళ సంగతి మన తాతలకు తెలుసు. కానీ సేటు ఎదురుగా గల్లాపెట్టె దగ్గర ఉండేవాడు. నిలదీస్తే జవాబు చెప్పాల్సి వచ్చేది, లేదంటే ఊరు మాట్లాడుకునేది. ఇప్పుడు జవాబు చెప్పే మనిషి ఆ అంతస్తులో లేడు. ఉన్నవాళ్ళకు జవాబు చెప్పే హక్కు లేదు.

పెద్ద కంపెనీ అయితే పద్ధతిగా ఉంటుందని నమ్మేవాళ్ళకు 2024 గుర్తు చేస్తాను. హర్యానాలోని మానేసర్‌లో అమెజాన్ గోదాంలో లారీలు ఖాళీ అయ్యేదాకా నీళ్ళకు, మూత్రానికి వెళ్ళబోమని కూలీలతో ప్రమాణం చేయించారన్న వార్త వస్తే జాతీయ మానవ హక్కుల కమిషన్ నోటీసు ఇవ్వాల్సి వచ్చింది. ప్రపంచంలోకెల్లా ధనిక కంపెనీల్లో ఒకటి అది. పద్ధతి అంటే అదీ.

ఇంకొకటి మరిచిపోవద్దు. 2023 మార్చి 16 రాత్రి సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో పొగకు ఊపిరాడక ఆరుగురు చచ్చిపోయారు. అందరూ పాతికేళ్ళ లోపు వాళ్ళే. వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం జిల్లాల ఊళ్ళ నుంచి కొలువు కోసం పోయిన పిల్లలు. వాళ్ళు పనిచేసింది మాల్‌లో కాదు, ఒక మార్కెటింగ్ ఆఫీసులో. కానీ పోయింది ఇక్కడి బస్సుల్లోనే, ఇక్కడి రైళ్ళలోనే. మీరు ఈసారి మాల్‌లో బట్టలు చూసేటప్పుడు మంటలొస్తే దిగే మెట్లు ఎక్కడున్నాయో, వాటి మీద అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయో లేదో ఒకసారి చూడండి. ఆ మెట్లు మీకెంత అవసరమో ఆ పిల్లలకూ అంతే.

మాల్‌కు పోవద్దని నేను చెప్పను. పోతారు, నేనూ పోతాను. దసరాకు పోదాం. స్టూలు మీద కూర్చునే ముందు ఆ పిల్లకు స్టూలు ఏదని ఇన్‌చార్జిని అడుగుదాం. గొంతు పెంచి, చుట్టుపక్కలవాళ్ళకు వినబడేలా అడుగుదాం. ఆమె కూర్చునేదాకా చీర విప్పించొద్దు. ఫోన్ నంబరు ఇవ్వొద్దు. సంచి ఇంటి నుంచి తీసుకుపోదాం, బిల్లు జాగ్రత్తగా పెట్టుకుందాం, తేడా వస్తే కౌంటర్ కుర్రాణ్ని వదిలేసి జిల్లా కమిషన్ మెట్లు ఎక్కుదాం. నేను ఆ రోజు అడగలేదు. ఈసారి అడుగుతాను.

ఆ పిల్ల పేరు నాకు తెలుసు, తండా పేరు కూడా తెలుసు. ఇక్కడ రాయలేదు. రాస్తే రేపటి నుంచి ఆమెకు ఆ నిలబడే కొలువు కూడా ఉండదు.