బొచ్చెకు వరద కావాలి

సంతలో బొచ్చెకు కొరత లేదు. కొల్లేరు చుట్టుపక్కల చెరువుల నుంచి ఐసులో సర్దుకుని శీలావతితో పాటు హౌరా దాకా పోతోంది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య జాబితాలోనూ దానికి పెద్ద ముప్పేమీ లేదనే ఉంది. ఏటా వానాకాలం పులస దొరకడం లేదని బెంగపడే మనం బొచ్చె ఊసెత్తకపోవడానికి కారణం ఇదే. కానీ చెరువు నిండా చేప ఉన్నంత మాత్రాన గోదావరిలో ఆ చేప క్షేమంగా ఉన్నట్టు కాదు. రెంటినీ ఒకే లెక్కలో వేసుకోవడం వల్లే నదికి జరుగుతున్న నష్టం మన కంటికి ఆనడం లేదు.

బొచ్చె చెరువులో తింటుంది, పెరుగుతుంది, గుడ్లు మాత్రం పెట్టదు. నైరుతి వానలకు ఏరు పొంగి, నీరు పల్లపు నేలల మీద పలచగా పరుచుకున్నప్పుడే ఆడా మగా అక్కడికి చేరతాయి. గుడ్లు నీటిలో ఉబ్బి, ఒక రోజు తిరగకముందే పిల్లలవుతాయి. కొత్త నీటిలో పుట్టే సూక్ష్మజీవులే వాటి తొలి మేత. ఒకప్పుడు పెంపకానికి పిల్లలు కావాలంటే వరద నదిలో వల కట్టి పట్టుకోవాల్సిందే. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌదరి బృందం పీయూష గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి, నిలవ నీటిలోనే కార్పు చేపల చేత గుడ్లు పెట్టించింది. ఆ సూది లేకపోతే ఇవాళ మన డెల్టాలో ఇన్ని చెరువులు ఉండేవి కావు. ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టిన పరిశోధన అది. అయితే దాన్ని చూసి, ఇక నదితో పని లేదనుకోవడమే మన పొరపాటు.

తల్లి చేప కిలో బరువుకు లక్షకు పైగా గుడ్లు పెడుతుంది. అందుకే కొద్ది చేపలతోనే హేచరీ నడిచిపోతుంది. వాటి సంతతినే మళ్లీ మళ్లీ కలుపుతూ పోతే దగ్గరి రక్తం వల్ల ఎదుగుదల మందగిస్తుంది. ఒకే తొట్టిలో బొచ్చెనూ శీలావతినీ ఈనిస్తే సంకరాలు పుడతాయి. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి ఆక్వాకల్చర్ సంస్థ 1992లో నార్వే శాస్త్రవేత్తలతో కలిసి మేలైన శీలావతి కోసం పూనుకున్నప్పుడు తన చెరువుల్లోని చేపలతో సరిపెట్టుకోలేదు. గంగ, యమున, బ్రహ్మపుత్ర, గోమతి, సట్లెజ్‌ల నుంచి నది చేపలను తెప్పించింది. ఆ కృషితో రూపొందిన మేలైన శీలావతి, జయంతి రోహు, వాటి వారసత్వమే. నదుల్లో ఆ వైవిధ్యం మిగిలి ఉండబట్టే ఏరుకోవడానికి ఏదో ఒకటి దొరికింది. రేపు కొత్త తెగులు వస్తే, దాన్ని తట్టుకునే బొచ్చెను ఎక్కడ వెతుక్కుంటాం?

జలాశయాల్లో ఏటా ప్రభుత్వాలు పిల్లలను వదులుతున్నాయి కదా అంటారు. జాలరి రాబడికి అది అవసరం, కాదనను. కానీ నదిలో వంశం నిలవాలంటే పెరిగిన చేప ప్రవాహం ఉన్న చోటికి ఎదురెక్కి గుడ్లు పెట్టాలి. మధ్యలో ఆనకట్ట ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. వదిలిన వాటిలో సంకరాలుంటే మిగిలిన అసలు జాతికీ చేటే. ఇంతకంటే బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట లేకపోతే డెల్టాకు పంట లేదు, చేప కోసం రైతుకు నీళ్లు ఆపుతామా? ఆపనక్కర్లేదు. వరద కాలంలో గేట్లు ఎత్తక తప్పని రోజులు ఎలాగూ ఉంటాయి. వాటిని ఉన్నట్టుండి దించకుండా నీటిని మెల్లమెల్లగా తగ్గిస్తే పల్లాల్లో గుడ్లు, పిల్లలు ఎండిపోవు. లంకల మధ్య పాయలను ఇసుక తవ్వకాలకు బలిచేయకుండా కాపాడాలి. సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట ఆపి ఆంధ్రప్రదేశ్‌లో మత్స్యకారులకు భృతి ఇస్తున్నారు. ఎర్రనీరు వచ్చే జూలై, ఆగస్టుల్లో గుడ్లు పెట్టే తావుల దగ్గర నదిలోనూ అంతే పట్టుదలగా వేట ఆపాలి, ఆ భృతి నది జాలరికీ అందాలి. హేచరీకి అనుమతి ఇచ్చేటప్పుడు తల్లి చేపలు ఎక్కడివో, ఎన్నేళ్లకోసారి మారుస్తున్నారో రాతపూర్వకంగా అడగాలి.