చర్మపు అంటు – కిరణ చికిత్స

అంటు కట్టుట మన మార్కాపురము, గిద్దలూరు రైతులకు తెలియని విద్య కాదు. మొదలులో పసరు పారనిచో పైన కట్టిన కొమ్మ ఎండిపోవును. ఉర్దూ సోదరులు దీనినే ‘పైవంద్’ అందురు. చెట్టుకైనను, చిరిగిన బట్టకైనను, మనిషి చర్మమునకైనను వారికి అదే మాట.

నోటి క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగినపుడు ఒక్కొక్కరికి తొడనుండి పలుచని చర్మము తీసి అంటింతురు. దానికి తనదైన రక్తప్రవాహము లేదు. తొలి ఒకటి రెండు దినములు పుండు అడుగున ఊరు ద్రవమును పీల్చి బ్రతుకును. పిమ్మట అడుగునుండి సూక్ష్మనాళములు దానిలోనికి ప్రాకును. వారము నాటికి రక్తము పారును. కిరణములు క్యాన్సరు కణములతోబాటు ఈ నాళములను, గాయమును పూడ్చు కణములను కూడ దెబ్బతీయును. ఏండ్లు గడచినను ఆ చోటు బిరుసెక్కి, రక్తము కొరవడియే యుండును. అందుచేత మునుపే కిరణములు సోకిన చోట వైద్యులు పలుచని అంటును అంతగా నమ్మరు. రక్తనాళముతో సహా కండను, చర్మమును తెచ్చి కప్పుదురు.

అంటు చక్కగా పట్టిన పిమ్మట కిరణములు ఇచ్చినచో అది చాలవరకు తట్టుకొనును. అయితే ఎంతకాలము ఆగవచ్చును? శస్త్రచికిత్స జరిగిన సుమారు 6 వారములలో కిరణ చికిత్స మొదలు కావలెనని వైద్యుల నియమము. మనవారు చేయు పొరపాటు ఇచ్చటనే. “పచ్చి పూర్తిగా ఆరనిండు” అని ఇంట కూర్చుందురు. లేదా చర్మము నల్లబడినదని నడుమ మానివేయుదురు. రెండును రోగమునకే మేలు చేయును. మేము వారిని నిందింపము. వారమునకు 5 దినముల చొప్పున ఆరేడు వారములు గుంటూరులోనో, కర్నూలులోనో ఉండవలెనన్న, కూలి చేసుకొను ఇల్లు ఎట్లు గడచును? గడువు ఎందుకో వారి భాషలో విప్పి చెప్పినవారెవరు?

కనుక మన విద్యార్థులు వైద్యులచే సరిచూపించి, తెలుగు, ఉర్దూలలో ఒక్క పుట కరపత్రము వ్రాయవలెనని మా అభిప్రాయము. చికిత్సా కాలమున పొగ త్రాగరాదని అందు పెద్ద అక్షరములతో ఉండవలెను. పొగ రక్తనాళములను ముడిచి అంటును ఎండబెట్టును, కిరణముల బలమును కూడ తగ్గించును. పొగాకు మన జిల్లా పంటయే, ఈ మాట కొందరికి రుచింపదని ఎరుగుదుము.

కళాశాల సంఘమువారికి మరియొక మనవి. విద్యాసంస్థకు 100 గజముల లోపల పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టము చెప్పుచున్నది. ఆ దూరమును మన ప్రహరీగోడ వెలుపలి అంచునుండి ఒకసారి టేపు పట్టి కొలిపింపుడు.