'మీరేమిట్లు?' అని దారి కాసి అడిగితే

చీకటి పడే వేళ బండి మీద ఊరికి బయలుదేరిన ఇద్దరు కుర్రాళ్ళకి కల్వర్టు దగ్గర నలుగురు అడ్డం పడతారు. కొత్త ముఖాలు. 'ఏ ఊర్రా మీది?' అన్నది మొదటి ప్రశ్న. 'ఎవరి తాలూకు?' అన్నది రెండోది. ఇంటిపేరు చెప్పినా చాలక 'ఇంతకీ మీరేమిట్లు?' అంటారు. బండి మీద అంబేద్కర్ స్టిక్కరు ఉంటే ఆ ప్రశ్న కూడా అక్కర్లేదు. తాళంచెవి లాగేస్తారు, కాలరు పట్టుకుంటారు. హాస్టళ్ళలో, సంఘాల సమావేశాల్లో మనం ఈ కథను ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. కల్వర్టు బదులు టీ కొట్టు అవుతుంది, బస్టాండు అవుతుంది. ప్రశ్నల వరస మాత్రం మారదు.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం షెడ్యూల్డ్ కులాలపై నేరాల కింద 2021లో దేశవ్యాప్తంగా 50,900 కేసులు నమోదైతే, 2022లో 57,582 నమోదయ్యాయి. ఇవన్నీ స్టేషన్ మెట్లెక్కి కాగితం మీదికి వచ్చినవి. కల్వర్టు దగ్గర తిన్న చెంపదెబ్బను ఇంట్లో కూడా చెప్పకుండా మింగేసినవాళ్ళు ఈ లెక్కలో లేరు. ఆ నాలుగైదు నిమిషాల్లో చెయ్యి ఎత్తకుండా, తల దించకుండా బయటపడటం ఎలా అన్నది మనలో మనం మాట్లాడుకోవలసిన విషయం.

ఇది ఓర్పు పాఠం కాదు

అహింస మాట ఎత్తగానే మనలో చాలామందికి ఒళ్ళు మండుతుంది. మండటం న్యాయమే. తరతరాలుగా ఓర్చుకోమన్నది మనల్నే. 1985లో కారంచేడు, 1991లో చుండూరు చూసిన నేల మీద దెబ్బ తిన్నవాడికి శాంతి బోధించడం సిగ్గుచేటు. మేము చెప్పేది ఆ శాంతి గురించి కాదు. ఆత్మరక్షణ హక్కు అందరికీ ఉన్నట్టే మనకూ ఉంది. భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు దాని గురించే. మీద పడ్డవాణ్ణి నెట్టి తప్పించుకుంటే నేరం కాదు. అయితే అవసరానికి మించి కొడితే ఆ రక్షణ ఉండదని కూడా అదే చట్టం చెబుతుంది.

ఇక్కడే ఉంది చిక్కు. దారి కాసినవాడికి చాలాసార్లు కావలసింది మన మొదటి దెబ్బ. అది పడగానే కథ తిరగబడుతుంది. మన ఫిర్యాదుకి ముందే కౌంటర్ కేసు సిద్ధమవుతుంది. కుల దూషణ కాస్తా 'ఇరువర్గాల ఘర్షణ'గా మారుతుంది. పెద్దమనుషులు రాజీకి కూర్చోబెడతారు. కేసు ఉన్న కుర్రాడికి పోలీసు ఉద్యోగమో, పాస్‌పోర్టో దగ్గర పడేటప్పుడు ఆ కాగితం అడ్డొస్తుంది. ఒక్క దెబ్బకు మనం కట్టే మూల్యం, వాళ్ళు కట్టే మూల్యం ఎప్పుడూ ఒకటి కాదు. చెయ్యి దించమనడం ఈ లెక్క తెలిసే.

1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగిన తర్వాత, తిరిగి వెళ్తున్న మనవాళ్ళ మీద సవర్ణులు కర్రలతో పడ్డారు. మనవాళ్ళు వందల్లో ఉన్నారు, తిరగబడే బలమూ ఉంది. బాబాసాహెబ్ వాళ్ళను ఆపారు. ఆపి ఊరుకోలేదు, కేసు పెట్టించారు. దాడి చేసినవాళ్ళలో కొందరికి శిక్షలు పడ్డాయి. చేతిని ఆపడం, కేసును నడపడం ఆయనకు ఒకే పనిలో రెండు భాగాలు.

2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చనిపోయిన ఆవు చర్మం ఒలిచినందుకు దళిత యువకులను బట్టలు విప్పి కొట్టారు. కొట్టినవాళ్ళే గర్వంగా వీడియో తీసి వదిలారు, అదే వాళ్ళకు ఎదురు సాక్ష్యమైంది. ఆ తర్వాత గుజరాత్ దళితులు నిరసనకు దిగారు. పశువుల కళేబరాలను తెచ్చి సురేంద్రనగర్ కలెక్టర్ కార్యాలయం ముందు పడేశారు, ఇక ఈ పని చెయ్యబోమని చెప్పారు. అహ్మదాబాద్ నుంచి ఊనా దాకా నడిచారు. అదే సంవత్సరం ఆగస్టులో మన అమలాపురంలోనూ కరెంటు షాకుతో చచ్చిన ఆవు చర్మం తీస్తున్న అన్నదమ్ములను చెట్టుకు కట్టి కొట్టారు. దారి కాసేవాడు గోరక్షణ పేరు చెప్పినా, ఊరి పరువు పేరు చెప్పినా అడిగేది ఒకటే ప్రశ్న.

ఆ నాలుగు నిమిషాలు

మొదటిది చోటు. వీలుంటే బండి ఆపకండి. ఆపక తప్పకపోతే ఇంజను ఆర్పకండి. వెలుతురు, జనం ఉన్న వైపు కదలండి: పెట్రోలు బంకు, కిరాణా కొట్టు, బస్సు ఆగే చోటు. కాలినడకన ఉంటే రెండు చేతుల దూరం తగ్గకుండా చూసుకోండి. పారిపోవడం పిరికితనం కాదు. నలుగురి మధ్య నుంచి ఇంటికి చేరినవాడు ఆ రోజు ఓడినట్టు కాదు.

రెండోది మాట. 'రేయ్' అన్నవాడికి 'రేయ్' అనే బదులివ్వాలని నోటి చివరిదాకా వస్తుంది. 'మీరు' అనండి, 'అండీ' అనండి. 'అయ్యా', 'దొరా' మాత్రం వద్దు. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా మన తాతలకు బాగా తెలుసు. 'మీరు' అన్నప్పుడు మన మర్యాద మన దగ్గరే ఉంటుంది, 'దొరా' అన్నప్పుడు అది చేతులు మారుతుంది. గొంతు పెంచకండి, వాక్యాలు చిన్నవిగా ఉంచండి: 'ఎందుకు అడుగుతున్నారండీ?', 'దారి ఇవ్వండి, వెళ్ళాలి', 'ఏదైనా ఉంటే పోలీసుల్ని పిలుద్దాం.' కులం చెప్పాల్సిన బాధ్యత రోడ్డు మీద ఎవరికీ లేదు. అలాగని అబద్ధపు కులం చెప్పుకోవలసిన అవసరమూ లేదు.

మూడోది ఫోను. వాళ్ళ ముఖం మీద కెమెరా పెడితే ముందు పోయేది ఫోనే. స్నేహితుడికి కాల్ కలిపి జేబులో పెట్టుకోవడం మేలు. అవతలివాడు విని, రికార్డు చేసి, 112కి చెబుతాడు. మీరు చేయవలసింది చోటు పేరు, బండి నంబరు మాటల్లో దొర్లించడం. రికార్డింగు ఉంటే అసలు ఫైలు అదే ఫోనులో అలాగే ఉంచండి. కత్తిరించి గ్రూపుల్లో తిప్పితే కోర్టులో దాని విలువ పడిపోతుంది.

ఇవేవీ అప్పటికప్పుడు రావు. 1960లో అమెరికాలోని నాష్‌విల్‌లో నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్ళ భోజనశాలల్లో కూర్చునే ముందు వారాల తరబడి సాధన చేశారు. తోటివాళ్ళే తిట్టేవాళ్ళు, నెట్టేవాళ్ళు. కోపాన్ని చంపుకోవడం వాళ్ళ సాధన కాదు, కోపం తమ చేతిలో ఉండేలా చూసుకోవడమే. మన హాస్టళ్ళలో ఆదివారం ఒక గంట ఇందుకు కేటాయిస్తే అడ్డు చెప్పేవాళ్ళు లేరు.

చట్టం ఎక్కడ జారుతుంది

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989లోని 3(1)(ఆర్) సెక్షన్ అవమానించడాన్నే కాదు, అవమానించే ఉద్దేశంతో బెదిరించడాన్ని కూడా నేరంగా చూస్తుంది. 3(1)(ఎస్) కులం పేరుతో దూషణకు సంబంధించింది. 2015 సవరణ తర్వాత బహిరంగ ప్రదేశంలో మనల్ని సైకిలు, మోటారు సైకిలు ఎక్కనివ్వకుండా అడ్డుకోవడమూ నేరమే.

అయితే ఆర్, ఎస్ సెక్షన్లు నిలవాలంటే మాట పదిమంది చూపులో పడి ఉండాలి. 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతే చెప్పింది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనిచోట అన్న మాటకు ఈ సెక్షన్ రాదంది. కాబట్టి జనం వైపు నడవడం ప్రాణానికీ మంచిదే, కేసుకీ మంచిదే.

ముక్కూ ముఖం తెలియనివాడితో ఇంకో చిక్కుంది. 'నాకు వాళ్ళ కులం తెలియదు' అని తప్పించుకోజూస్తాడు. తెలిసినవాడైతే, కుటుంబంతో పరిచయం ఉంటే, కులం కూడా తెలుసనే కోర్టు భావించాలని 8వ సెక్షన్ చెబుతుంది. కొత్తవాడికి అది వర్తించదు. అందుకే అతని నోటి నుంచి వచ్చిన ప్రతి మాటా ముఖ్యం. 'మీరేమిట్లు?' అన్నాడా, ఏ కులం పేరు పెట్టి తిట్టాడు, స్టిక్కరు చూసి ఏమన్నాడు? 'కులం పేరుతో దూషించారు' అని ఒక్క ముక్క రాస్తే చాలదు. బూతు అయినా సరే, అన్నది అన్నట్టు ఫిర్యాదులో రాయాలి. ఇంటికి రాగానే, నిద్రపోకముందే, సమయంతో సహా కాగితం మీద పెట్టాలి. దెబ్బ తగిలితే ప్రభుత్వాసుపత్రిలో చూపించుకుని నమోదు చేయించాలి.

'అది మా పరిధి కాదు' అనే మాట చెల్లదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్ళి సంతకం చేయాలి. అట్రాసిటీ చట్టం 18ఎ ప్రకారం ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదు. 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ సవరణను నిలబెట్టింది. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి. కేసు కట్టని ఉద్యోగి ఎస్సీ, ఎస్టీ కాకపోతే అతని మీదే 4వ సెక్షన్ కింద చర్య కోరవచ్చు. జాతీయ హెల్ప్‌లైన్ 14566కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

భారం మన మీదేనా?

ఇంత చదివాక ఒక విద్యార్థి అడగవచ్చు: దారి కాసేది వాళ్ళు, పాఠాలు నేర్చుకునేది మేమా? ఆ ప్రశ్నకు మా దగ్గర తేలిక జవాబు లేదు. ఇది న్యాయం కాదు. వర్షం ఆగేదాకా పట్టుకునే గొడుగు లాంటిది ఇది, ఇల్లు మాత్రం కాదు.

ఇల్లు కట్టవలసినవాళ్ళు వేరే ఉన్నారు. దారి కాసి బండ్లు ఆపి తనిఖీ చేసే అధికారం ఏ ప్రైవేటు గుంపుకీ లేదు. మూక దాడులను ఆపడానికి ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారిని పెట్టాలని 2018 జూలైలో తహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ జిల్లాలో ఆ అధికారి ఎవరు? సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగండి. ఏ రోడ్ల మీద ఎక్కువగా ఆపుతున్నారో హాస్టల్ వారీగా రాసి, ఆ కాగితం పట్టుకుని వెళ్ళి కలవండి.

టీ కొట్టు దగ్గర నిలబడి చూసేవాళ్ళకీ ఒక మాట. కలబడమని మిమ్మల్ని ఎవరూ అడగడం లేదు. దగ్గరికొచ్చి 'ఏమైంది తమ్ముడూ?' అని ఆ కుర్రాణ్ణి పలకరిస్తే చాలు. దారి కాసినవాడి ధైర్యం సగం మీ మౌనం మీదే నిలబడి ఉంటుంది. రేపు స్టేషన్‌లో మీరిచ్చే సాక్ష్యం మీదే ఆ కుర్రాడి కేసు నిలబడుతుంది.