కుర్చీలోంచి లేపేటప్పుడు తొందర వద్దు

పక్షవాతం వచ్చిన అత్తగారినో, నాన్నగారినో కుర్చీలోంచి మంచం మీదికి చేర్చడం ఎంత కష్టమో చేసేవాళ్లకే తెలుసు. చంకల కింద చేతులేసి గుంజితే చచ్చుబడిన వైపు భుజం కీలు జారవచ్చు. మనకేమో నడుము పట్టేస్తుంది. చీరతోనో, దుప్పటితోనో లేపితే, అది మధ్యలో చినిగిందంటే ఇంకేముంది!

పుంగనూరులో మా చిన్నత్తగారింటికి ఈమధ్య లిఫ్టు, స్లింగు తెచ్చారు. స్లింగంటే గట్టి గుడ్డతో కుట్టిన ఉయ్యాల లాంటిది. దాన్ని సరిగ్గా తొడగడమే మన పని, బరువు లిఫ్టు మోస్తుంది. వాడేవారి కోసం ఈ నాలుగు మాటలు.

ముందుగా స్లింగును వెలుతురులో చూడండి. కుట్లు ఊడినా, లూపులు నలిగినా ఆ రోజు వాడొద్దు. దాని మీద రాసిన బరువు మన మనిషికి సరిపోవాలి. మెడ నిలవని వారికి తల ఆనించే స్లింగే కావాలి.

చక్రాల కుర్చీకి బ్రేకులు వేయండి. "అమ్మా, లేపుతున్నాం" అని చెప్పి, ఒకరు ముందుకు వంచి పట్టుకుంటే, ఇంకొకరు స్లింగును వీపు వెనక కుర్చీ అడుగుదాకా దించాలి. మధ్య కుట్టు వెన్నెముక మీదికి రావాలి. కాళ్ల పట్టీలను తొడల కిందుగా బయటినుంచి లోపలికి తీసి, ముడతలు సర్ది, ఒకదాన్లో ఇంకోటి దూర్చి తగిలించాలి. రెండు వైపులా ఒకే రంగు లూపు ఉండాలి, లేకపోతే మనిషి పక్కకు ఒరిగిపోతారు.

లిఫ్టు కాళ్లు బాగా వెడల్పు చేయండి. ఎత్తేటప్పుడు లిఫ్టు చక్రాలకు బ్రేకు వేయొద్దని చాలా కంపెనీలు చెబుతాయి. మీ మెషీన్‌తో ఇచ్చిన పుస్తకం చూసుకోండి. రెండు అంగుళాలు లేపి ఆగండి. నాలుగు లూపులూ కొక్కేల్లో ఉన్నాయా, తొడలకు గుడ్డ ఒరుసుకుంటోందా చూసి, అప్పుడే పైకి ఎత్తండి. ఆ ఒక్క క్షణం ఆగి చూస్తేనే ప్రాణానికి కాపు. గాల్లో ఉంచి ఫోను ఎత్తడానికి పోవద్దు. దించాక స్లింగు తీసేయండి, కిందే వదిలితే పుండ్లు పడే ప్రమాదముంది.

కొనేముందు ఇల్లు కూడా చూసుకోండి. గడప మీద లిఫ్టు చక్రాలు ఎక్కవు. అడుగున పెట్టె ఉండే మంచాల కిందికి దాని కాళ్లు దూరవు. కరెంటు పోతే ఎలా దించాలో షాపువాళ్లను అడిగి నేర్చుకోండి.

మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో గానీ, కుప్పం పి.ఇ.ఎస్. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో గానీ చూపించుకుంటున్నట్లయితే, డిశ్చార్జి రోజునే నర్సమ్మ ముందు మీ చేత్తో ఒకసారి చేసి చూపండి. తప్పుంటే అక్కడే దిద్దుతారు.

ఇంకో సంగతి. 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో పక్షవాతంతో మంచానికో, చక్రాల కుర్చీకో పరిమితమైన అర్హులకు పింఛను నెలకు 15,000 రూపాయలు. మీ సచివాలయంలో అడగండి. ఆ డబ్బులో కొంత స్లింగుకు పెడితే, లేపేవాళ్ల నడుమూ బాగుంటుంది, లేచేవాళ్లకు పడిపోతామన్న భయమూ ఉండదు.