యాప్ వినిపించని పాటలు

ఏ ఇంజనీరింగ్ కాలేజీ ఫెస్టులో ఏ బ్యాండు స్టేజీ ఎక్కినా 'హోటల్ కాలిఫోర్నియా' గ్యారంటీ. హాస్టల్లో ఎవడి చేతికి కొత్తగా గిటారు వచ్చినా మొదటి వారమంతా 'స్మోక్ ఆన్ ద వాటర్' మోతే. మంచి పాటలే, కాదనను. కానీ ఇన్ని దశాబ్దాల రాక్ సంగీతం అంటే ఆ పది పాటలేనా? నాకేమనిపిస్తుందంటే, పాటలు ఎంచుకోవడం మనం ఎప్పుడో మానేశాం. యాప్ ఎంచుతోంది, మనం ఊ కొడుతున్నాం.

సీఎస్ఈ వాళ్ళకి ఇందులో మ్యాజిక్ ఏమీ కనిపించదు. రికమండేషన్ సిస్టమ్ ముఖ్యంగా చూసేది ఎవరెవరు ఏమేం విన్నారన్నదే. నీలాంటి వాళ్ళు విన్నదే నీకూ చూపిస్తుంది. ఎవరూ వినని పాటకి డేటా ఉండదు. డేటా లేదు కాబట్టి ఎవరికీ చూపించదు. కోల్డ్ స్టార్ట్ ప్రాబ్లం అని మనం చదువుకునేది ఇదే. తమాషా ఏంటంటే, ఈ జబ్బు యాప్‌లు రాకముందే ఉంది.

అమెరికాలో మెంఫిస్ నగరపు బ్యాండు బిగ్ స్టార్‌ని తీసుకోండి. వాళ్ళ 'సెప్టెంబర్ గర్ల్స్' 1974 నాటి పాట. మూడు నిమిషాలు కూడా ఉండదు. గిటారు చిన్న చిన్న గంటల్లా మోగుతుంటే, దాని మీద కొంచెం దిగులుగా ఒక గొంతు. విమర్శకులు ఆకాశానికెత్తారు. కానీ పంపిణీ కంపెనీల గొడవల్లో రికార్డులు షాపులకి సరిగ్గా చేరనే లేదు. చదివి ముచ్చటపడినవాడికి కొనడానికి దొరకదు! తర్వాత 1986లో బ్యాంగిల్స్ ఆ పాట పాడారు. 1987లో రీప్లేస్‌మెంట్స్ అనే బ్యాండు ఏకంగా బిగ్ స్టార్ గాయకుడు అలెక్స్ చిల్టన్ పేరుతోనే ఒక పాట కట్టింది.

రెండోది ఇంగ్లండ్ బ్యాండు జాంబీస్ పాడిన 'కేర్ ఆఫ్ సెల్ 44'. ట్యూను పొద్దున్నే ఎండ వచ్చినట్టు హుషారుగా ఉంటుంది. తీరా మాటలు వింటే, జైలు నుంచి త్వరలో విడుదలయ్యే ప్రియురాలికి రాసిన ఉత్తరం. 1967లో సింగిల్‌గా వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. 1968లో ఆల్బమ్ వచ్చేసరికి బ్యాండే విడిపోయింది. అదే ఆల్బమ్‌లోని 'టైమ్ ఆఫ్ ద సీజన్' 1969లో అమెరికాలో 3వ స్థానానికి ఎక్కింది. కారణం, అల్ కూపర్ అనే ఒక్క మనిషి దీన్ని అక్కడ విడుదల చేయాల్సిందేనని కంపెనీ దగ్గర పట్టుబట్టడం.

మూడోది ఆఫ్రికా నుంచి. జాంబియా బ్యాండు విచ్, 1975 నాటి 'లేజీ బోన్స్' ఆల్బమ్, అందులో 'స్ట్రేంజ్ డ్రీమ్'. గరగరలాడే ఫజ్ గిటారు, కింద ఆఫ్రికా నడక. గాయకుడు జగారి పేరు మిక్ జాగర్ పేరులోంచే వచ్చింది. రాగి ధర పడిపోయి దేశం చితికింది, తర్వాత ఎయిడ్స్ బ్యాండు సభ్యుల్ని తీసుకుపోయింది. కొన్ని దశాబ్దాల తర్వాత పాత రికార్డులు మళ్ళీ విడుదలయ్యాక, జగారి విదేశాల్లో స్టేజీలెక్కాడు.

నాలుగోది మీరు ఆల్రెడీ విన్నారు! 2006లో వచ్చిన హిందీ 'గ్యాంగ్‌స్టర్' సినిమాలో 'భీగీ భీగీ' గుర్తుందా? దాని మూలం మొహీనేర్ ఘోడాగులి వాళ్ళ బెంగాలీ పాట 'పృథిబి'. కోల్‌కతాలో 1975లో మొదలైన బ్యాండు. పేరు కూడా జీవనానంద దాస్ కవితలోంచి తీసుకున్నారు. అప్పట్లో వాళ్ళని విన్నవాళ్ళు తక్కువే. 1990ల్లో మళ్ళీ వెలుగులోకి వచ్చారు.

నాకు గుచ్చుకున్నది ఇక్కడే. 1975లోనే వాళ్ళు సొంత భాషలో రాక్ పాడారు. మన కాలేజీ బ్యాండ్లు క్యాంటీన్లో తెలుగులో తిట్టుకుని, స్టేజీ మీద అమెరికా యాసలో ఏడుస్తాయి. నాలాంటి ఇంగ్లీషు మీడియం వాడు ఈ మాట అంటే నవ్వొస్తుందేమో, అయినా అంటాను. ఆ ఏడుపు మన మాటల్లో ఏడిస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి వినాలనుంది.

"బాగుంటే అదే పైకొస్తుంది కదా బ్రో" అంటారు కొందరు. పైన చెప్పినవి వాటంతటవే రాలేదు. ఎవరో ఒకరు పట్టుబట్టారు. పట్టుబట్టేవాడు దొరకనివి ఎన్ని పోయాయో లెక్కే లేదు. వ్యూస్ లేకపోతే పాట బాలేనట్టు, ప్యాకేజీ లేకపోతే మనిషి పనికిరానట్టు లెక్కేసే చోట చదువుతున్నాం మనం. కనీసం పాట విషయంలోనైనా ఆ లెక్క ఒప్పుకోకూడదని నా అభిప్రాయం.

అందుకే ఈ వారం ఒక్క పని చేయండి. ఈ నాలుగింటిలో ఒకటి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, స్కిప్ చేయకుండా చివరిదాకా వినండి. నచ్చితే యాప్‌కి వదిలేయకుండా మీరే ఇంకొకరికి పంపండి. నచ్చకపోతే నన్ను తిట్టండి, పర్లేదు. తిట్టాలన్నా వినాలి కదా!